తగ్గిన బెత్తెడు

కరీంనగర్ శివారులోని ఓ మెడికల్ కాలేజీలో ఎముకల గది తాళంచెవి ఇరవై ఆరేళ్లుగా లక్ష్మీరాజం మొలతాడుకే వేలాడుతోంది. ఉద్యోగం అటెండరుదే. అయినా కొత్తగా చేరిన పిల్లలు పాఠం అర్థం కాకపోతే ముందు ఆయన్నే పట్టుకునేవారు. కళ్లు మూసుకుని చేతిలో ఏ ఎముక పెట్టినా కుడిదో ఎడమదో చెప్పేసేవాడు. ఏడో తరగతితో చదువు మాని మరమగ్గం నడిపిన మనిషికి ఇంత విద్య ఎలా అబ్బిందంటే, దారం పోగులు పోల్చిన చేతికి ఇదో లెక్కా అని మీసం దువ్వేవాడు. కాస్త గొప్పలు చెప్పుకునే మనిషే.

ఆయన చెప్పిన వాటిలో పిల్లలకు బాగా గుర్తుండిపోయేది ఒక వెన్నుపూస. ముందువైపు సగానికి అణిగిపోయి ఉండేది. ఏటా దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆ మాటలే చెప్పేవాడు.

"ఇది ఎవ్వలో ముసలవ్వది. బొక్కంటే కట్టె కాదు బిడ్డా, పానమున్నది. మనల్ని నిలవెడ్తది, లోపట నెత్తురు తయారు చేస్తది, సున్నం, గదే మీ కాల్షియం, దాసి పెడ్తది. ఒంటికి సున్నం చాలకుంటే దీంట్లకెల్లే తీస్కుంటది. తీసి తీసి గుల్లగైతే పూస గిట్ల కూసుంటది. మనిషి పొట్టిగైతది. నడుం నొత్తుందంటది, ఎవ్వలు ఇనరు."

పిల్లలు రాసుకునేవారు. కొందరు ఇప్పుడు పెద్ద డాక్టర్లు.

ఇంట్లో మాత్రం ఆయన ఈ విద్యకు చోటు లేదు. భార్య శంకరవ్వకు ఆ ఉద్యోగం మొదటినుంచీ గిట్టలేదు. ఎవరెవరివో బొక్కలు ముట్టిన చేతులతో గడప దాటనిచ్చేది కాదు. వాకిట్లో నల్లా దగ్గరే స్నానం, బట్టలు వేరే బకెట్లో. ఆ ముచ్చట ఇంట్లో ఎత్తొద్దని ఆయన అందులో చేరిన కొత్తలోనే ఒట్టు పెట్టించుకుంది. ఆయన ఆ ఒట్టు బుద్ధిగా నిలబెట్టుకున్నాడు. అదే ఆమె కొంప ముంచింది.

శంకరవ్వ పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని, నీడపట్టున వంగి కూర్చుని బీడీలు చుట్టేది. ముగ్గురు పిల్లల్ని కని, పాలిచ్చి పెంచింది. తన కంచంలోకి పాలూ పెరుగూ ఏనాడూ పెద్దగా రానివ్వలేదు. నాలుగేళ్ల కింద నడుం నొప్పి అంది. బీడీలు చుట్టే ఏ ఆడదానికి లేదని లక్ష్మీరాజం మందు రాసి పడుకోబెట్టాడు. తర్వాత వంటింటి షెల్ఫు మీది డబ్బాలు అందడం లేదంది. ముసలిదానివైపోతున్నావని ఏడిపిస్తూ, సుత్తి తెచ్చి షెల్ఫును రెండు వేళ్లు కిందికి దించాడు. రెండేళ్లకు మళ్లీ అందలేదు. మరో రెండు వేళ్లు దించాడు. ఆమె సంతోషపడి ఆ పూట సర్వపిండి చేసిపెట్టింది.

మొన్న వానాకాలంలో వాకిట్లో కాలు జారి పడింది. తుంటి విరిగింది. ఎముకలు గుల్లబారి చాలా ఏళ్లయిందని డాక్టరు అంటే లక్ష్మీరాజం ఊరికే తలూపాడు. నలభై రోజులు మంచంలో ఉండి, ఛాతీలో నిమ్ము చేరి శంకరవ్వ పోయింది.

మూడో రోజు చితి మీద పాలు చల్లారు. కులపెద్ద కాళ్ల దిక్కు నుంచి ఎముకలు ఏరమన్నాడు. కొడుకులు వెనకాడుతుంటే లక్ష్మీరాజమే గొంతుక్కూర్చున్నాడు. వేళ్లు వాటంతటవే పోల్చుకుంటూ పోయాయి: మడమ, మోకాలి చిప్ప, తుంటి. నడుం దగ్గరికి వచ్చేసరికి ఒక పూస చేతిలోకి వచ్చింది. ముందువైపు సగానికి అణిగి ఉంది. బూడిదలో వెతికితే అలాంటిదే ఇంకొకటి దొరికింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

కూతురు మహేశ్వరి పక్కన కూర్చుని, ఏమైంది బాపూ అంది.

"నాకెరికే బిడ్డా," అన్నాడు. "గింత మందికి చెప్పిన. మీ అవ్వకే చెప్పలే. నా చేతులతోటే షెల్ఫు దించిన."

అంతవరకూ ఏడవని మనిషి బూడిద చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. సాయంత్రం ధర్మపురి దగ్గర గోదావరిలో ఎముకలు కలిపి వచ్చారు.

దినాలు అయ్యాక, మహేశ్వరి అత్తగారింటికి బయల్దేరే పొద్దున వంటింట్లో సుత్తి చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే లక్ష్మీరాజం షెల్ఫు ఊడదీసి, గోడమీది మొదటి మేకు రంధ్రాల దగ్గరికి, బెత్తెడు పైకి బిగిస్తున్నాడు. శంకరవ్వ కాపురానికి వచ్చిన ఏడాది కొట్టిన మేకులవి. ఇంట్లో వంట చేసే ఆడమనిషి ఎవరూ లేకుండా ఇప్పుడు ఇదెందుకని అడగబోయి, మహేశ్వరి కిందికి దించిన డబ్బాలు తుడవసాగింది. ఆమెది అచ్చం తల్లి పొడుగే.

ఆయన చింతపండు డబ్బా తెచ్చి షెల్ఫు మీద పెట్టాడు. అందుకో అన్నాడు. మహేశ్వరి మునివేళ్ల మీద లేవకుండానే అందుకుంది.

"ఏడాదికోపారి రా బిడ్డా," అన్నాడు. "అచ్చి గీ డబ్బా తియ్యి. అందకుంటే నాతోని చెప్పు. ఈపారి షెల్ఫు దించ."