ఆరు దారం రీళ్ళు

మార్కెట్ వెనక సందులో బట్టలు సరిచేసే చిన్న కొట్టు ఆమెది. అందరూ గుండీలక్క అంటారు. దారప్పోగు ఒక్కటి వేలాడుతున్నా బట్టను గడప దాటనివ్వదు. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కుంటే, "నలుగురూ చూసేది నా కుట్టునే కదా" అంటుంది. ఆ మంచి అలవాటే చివరికి ఆమె కొంప ముంచింది.

కూతురు చిట్టికి రెండేళ్ళ ఏడు నెలలు. నోట ఒక్క మాట లేదు. పిలిస్తే తిరిగి చూడటమూ తక్కువే. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల కోసం వారానికి రెండుసార్లు టీచరును ఇంటికి పంపే ఆఫీసు ఒకటుంది. అయితే మూడేళ్ళు నిండకముందే చేరాలి. పిల్ల ఎంత వెనకబడిందో పరీక్ష పెట్టి చూస్తారు. అన్నీ కలిపిన మార్కులు ఒక గీతకు కింద ఉంటేనే సాయం.

పరీక్ష అన్న మాట వినగానే గుండీలక్కకు కంగారు పట్టుకుంది. తన పిల్ల పదిమందిలో తెల్లమొహం వేయకూడదు. పది రోజులు కొట్టు ముందే మూసేసి, దారం రీళ్ళు ఒకదానిమీద ఒకటి నిలబెట్టడం నేర్పింది. పెద్ద గుండీలూ చిన్న గుండీలూ వేరు చేయడం నేర్పింది. చిట్టి సరిగ్గా చేసినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. పరీక్షలో చిట్టి ఆరు చెక్కముక్కలు నిలబెట్టి తల్లి మొహంలోకి చూసింది. తల్లి పొంగిపోయి చప్పట్లు కొట్టింది.

మార్కులు గీతకు రెండు ఎక్కువొచ్చాయి. పిల్ల ఒకడుగు ముందుకేస్తే తలుపు మూసే చోటు లోకంలో అదొక్కటే కాబోలు.

"మళ్ళీ ఆర్నెల్లకేనమ్మా పరీక్ష" అంది పరీక్ష పెట్టిన మేడమ్.

"అప్పటికి దానికి మూడేళ్ళు దాటిపోతాయి కదండీ."

"అవునమ్మా."

"పది రోజులు కూర్చోబెట్టి నేనే నేర్పానండీ. దానంతట దానికి రాదు."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. శుక్రవారం ఇంకోసారి చూస్తాను. కానీ నా ఎదుట ఏం చేస్తే అదే రాయాలి, నా చేతుల్లో ఏం లేదు."

గుండీలక్క కాగితం రాసిచ్చి, ఇంటికొచ్చి రీళ్ళన్నీ అటకెక్కించింది. చిట్టి రీళ్ళుండే ఖాళీ డబ్బా చుట్టూ తిరుగుతూనే ఉంది. గుండీలక్క బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. పిల్లకు వచ్చిన ఆ ఒక్క విద్యా మరిచిపోవాలని తల్లే కోరుకోవాలి.

"చేసినా తప్పే, చేయకున్నా తప్పే. ఇదేం పరీక్షే తల్లీ" అంది అత్తగారు.

శుక్రవారం అదే గది, అదే పొట్టి బల్ల. చిట్టి చెక్కముక్కల జోలికి పోకుండా కిటికీకేసి చూస్తూ కూర్చుంది. గుండీలక్క చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. దేవుడా, దీన్ని ఇలాగే ఉండనీ అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

అంతలో చిట్టి ఒక ముక్క తీసింది. దానిమీద ఇంకోటి. ఆరోది కాస్త ఊగి నిలబడింది. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి కదల్లేదు. చిట్టి అలా చూసి చూసి, తన రెండు చేతులూ కలిపి తనే చప్పట్లు కొట్టుకుంది.

మేడమ్ తల వంచుకుని 'వచ్చు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

ఇక ఆపుకుని ఏం లాభం? గుండీలక్క తొడల కింద నుంచి చేతులు తీసి, ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది.