పచ్చగడ్డి తిన్న పెళ్లిగుర్రం

నిజాం పాలన పోయిన కొత్తలో, శ్రావణంలో బాసరలో నా పెళ్లి. పెళ్లికొడుకు ఎక్కే గుర్రం పొద్దున్నే వచ్చింది. మగపెళ్లివారిదని మావాళ్లు దానికీ మర్యాద చేసి, గోదావరి ఒడ్డున లేతగా మొలిచిన గడ్డిని కడుపునిండా మేపారు. సాయంత్రం ఊరేగింపు మా వాకిట్లోకి రాగానే గుర్రం పొట్ట ఉబ్బి కూలబడబోయింది.

"ఎండుగడ్డి తినేదానికి గింత పచ్చగడ్డి పెడ్తరా? పండుకుంటే బతకది, నడిపియ్యాలె" అన్నాడు గుర్రాన్ని తెచ్చిన ముసలాయన.

పెళ్లికొడుకు దిగి కళ్లెం పట్టుకున్నారు. బ్యాండు ఆగింది. సన్నని తుంపరలో, బాసింగంతోనే, గుర్రం చెవిలో ఏదో చెబుతూ పచ్చని గట్టుమీద కలలోలా నడిచారు. ముహూర్తం దాటుతుందేమోనని మా బాపు వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగాడు. నేను మాత్రం కిటికీ వదల్లేదు.

చివరికి గుర్రం లద్దె వేసింది, పొట్ట ఉబ్బు తగ్గింది. బ్యాండు మోగింది.

ఏడాది తరువాత, పురిటినొప్పుల్లో నన్ను మెల్లగా నడిపిస్తూ, "జర ఓపిక పట్టు, నేనున్న గద" అన్నారాయన నా చెవిలో.

"గుర్రానికి చెప్పింది గిదేనా?" అన్నాను.

ఆయన తల ఊపారు.