మామ రాయించిన ఫిర్యాదు

మా మామ పోయిన వార్త నాకు మా అత్త చెప్పలేదు. కంపెనీ చెప్పింది. పొద్దున పోదనూరులో, నీళ్ళ మోటార్లు చేసే నా షెడ్డులో టీ తాగుతూ ఫోన్ తీస్తే, ఆ కంపెనీకి సరుకు సరఫరా చేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మామ ఫోటో ఉంది. చుట్టూ గులాబీలు, మూలన కంపెనీ ముద్ర, 'మా కొండ కుటుంబానికి పెద్దదిక్కు' అని ఇంగ్లీషులో ఒక ముక్క. కింద వరసగా దండం బొమ్మలు. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని కొండ మీంచి దించేయాలని చూసినవాళ్ళకి, ఊపిరి ఆగిన గంటలో ఆయన పెద్దదిక్కు అయిపోయాడు. ఆ గ్రూపులో నువ్వెందుకున్నావని మీరడగొచ్చు. అదీ చెబుతాను, చెప్పకపోతే నేనూ ఆ గులాబీలు పెట్టినవాడితో సమానం.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. తేని పట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే చిన్న ఊళ్ళో పన్నెండు గదుల లాడ్జి నడిపాడు. తెల్లారగానే మంకీ క్యాప్ పెట్టుకుని గది గదికీ వేడినీళ్ళ బక్కెట్టు మోసేవాడు. తన చెయ్యి ముంచి చూడకుండా ఏ బక్కెట్టూ గుమ్మం దాటించేవాడు కాదు. మబ్బు కమ్మిన రోజున, ఇవాళ వ్యూ పాయింటులో ఏమీ కనబడదు, డబ్బు దండగ, పడుకోండి అని అతిథులకు చెప్పేసేవాడు. జీపువాళ్ళు ఆయన్ని తిట్టని రోజు లేదు. "కనబడనిదాన్ని కనబడతాదని సెప్పి పంపితే, దిగినాక వాడు నా మొగం సూస్తాడు కదరా" అనేవాడు నాతో.

ఆ ఊళ్ళో మొత్తం పదకొండు లాడ్జీలు. ఎక్కువమంది మనవాళ్ళే, ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. ఏటా ఎండాకాలం సీజను మొదలయ్యే ముందు పదకొండు మందీ మామ వంటింటి వెనక వసారాలో కూర్చునేవాళ్ళు. అత్త ఉలవల రసం, అన్నం పెట్టేది. తిన్నాక ఆ సీజనుకు గది అద్దె ఇంత అని అందరూ కలిసి అనుకునేవాళ్ళు. మామ దాన్ని వంటింటి తలుపు మీద సుద్దతో రాసేవాడు. కొండ కిటకిటలాడి జనం కార్లలో పడుకునే రోజుల్లో కూడా దానిమీద ఒక్క రూపాయి ఎక్కువ పుచ్చుకోకూడదు. పుచ్చుకున్నవాడు మరుసటి ఏడు ఆ వసారాలో కూర్చోడు. మామకు తన జీవితంలో గొప్పగా చెప్పుకోవాల్సింది అదొక్కటే అనిపించేది.

తర్వాత రెండు కంపెనీలు వచ్చాయి. ఒకటి నాలుగు లాడ్జీలు కొంది, ఇంకొకటి జీపు స్టాండు, పార్కింగు స్థలం కొంది. రెండూ పోటీ పడుతున్నన్నాళ్ళూ పరవాలేదు. ఒకరోజు రెండూ ఒకటైపోయాయి. అలా పుట్టిన పెద్ద కంపెనీకి ఉత్తరాన మంచు కొండల మీద జారుడు ఆటల రిసార్టులు కూడా ఉన్నాయి. ఒక పాసు కొంటే అక్కడ మంచులో జారొచ్చు, ఇక్కడ మబ్బులో పడుకోవచ్చు. పాసు లేనివాడి కారుకి పార్కింగులో చోటు లేదు. వాళ్ళ యాప్‌లో మా మామ లాడ్జి ఏడాది పొడుగునా 'గదులు నిండినవి'. గదులేమో ఈగలు తోలుకుంటున్నాయి.

"మంచు అమ్ముకునేవాడికి మన కొండెందుకురా? కేసు పెడదాం. రాయి" అన్నాడు మామ. పోటీ చట్టం అని ఒకటుందనీ, ఒక్కడే బజారంతా మింగేస్తే ఢిల్లీకి ఫిర్యాదు చేయొచ్చనీ ఆయనకు చెప్పింది నేనే. ఆయన మా ఇంటి తెలుగులో చెప్పాడు, నేను నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. కంపెనీ ఎంత అన్యాయమైనదో చూపించడానికి మేమెంత న్యాయంగా ఉన్నామో చెప్పాలని ఆయన పట్టు. ఏటేటా అందరం కూర్చుని ధర అనుకుంటామనీ, దాన్ని దాటమనీ రాయించాడు. సుద్దరాతల తలుపు ఫోటో కూడా పెట్టించాడు. నేను సంతోషంగా పెట్టాను.

కంపెనీ లాయరు జవాబులో ఆ ఫోటోనే మొదటి పేజీలో అంటించాడు. పదకొండు మంది కూడబలుక్కుని ధర కట్టడం అదే చట్టం కింద నేరమట. వసారా, ఉలవల రసం, అన్నీ కుట్ర అయిపోయాయి. మిగతా లాడ్జీల వాళ్ళు బెదిరిపోయి, ఒకరి వెనక ఒకరు కంపెనీకి అమ్మేశారు. పోతూ పోతూ మామని తిట్టిపోశారు. నెల తిరక్కుండా అదే లాడ్జీల్లో కంపెనీ అద్దె రెండింతలు చేసింది. అది నేరం కాదట, ఎందుకంటే ఇప్పుడు యజమాని ఒక్కడే. ఒక్కడు తనతో తాను ఎలా కూడబలుక్కుంటాడు? ఈ తర్కం విన్న రోజు నాకు ఉమ్మేయాలనిపించింది.

కానీ ఉమ్మలేదు. కొన్న లాడ్జీలన్నిటికీ నీళ్ళ మోటార్లు కావాలని కంపెనీ నన్ను అడిగింది. ఇచ్చాను. షెడ్డు నడవాలి, జీతాలివ్వాలి అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత కొండకి వెళ్ళడం మానేశాను. మామే ఒకసారి ఫోన్ చేశాడు. "లారీ మీద నీ షెడ్డు పేరు సూసినాను. మోటార్లు బాగుండాయి, తిరిగినా సద్దం లేదు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వైపు ఆచారం ప్రకారం పదహారో రోజున చేసిన కార్యానికి కంపెనీ మనిషి వచ్చాడు. ఫోటోకి నిలువెత్తు దండ వేసి, చెప్పులు వేసుకోకముందే సంచీలోంచి కాగితం తీశాడు. ఫిర్యాదు ఇంకా ఢిల్లీలో నడుస్తూనే ఉంది. అది అపోహతో వేసింది, వెనక్కి తీసుకుంటున్నాం అని అత్త సంతకం పెడితే, లాడ్జికి ఆమె అడిగిన ధర ఇస్తారు. సాక్షి సంతకానికి వాడు పెన్ను నాకేసి చాచాడు. "సార్ నమ్మ ఆళు దానే" అన్నాడు నవ్వుతూ, నేను వాళ్ళ మనిషినేనని.

అత్త తమిళ బడిలో అయిదు చదివింది. ఆ ఇంగ్లీషు కాగితం ఆమెకు చదివి అర్థం చెప్పాను. ఆమె దాన్ని మడిచి వాడి చేతికిచ్చేసింది. "కేసులో ఆయన పేరు కొట్టేసి నా పేరు ఏసి నడిపిస్తాను. సెప్పు వాడికి" అంది.

వాడు అవతలికి పోయాక, "నేను రాసిస్తాను అత్తా" అన్నాను.

"వొద్దు కన్నా. నీ దగ్గిర వాళ్ళ పని ఉండాది కదా. నువ్వు రాస్తే దాన్నీ ఎత్తి సూపిస్తారు" అంది. గొంతులో కోపం లేదు. అన్నం తినమని ఆకు వేసింది.

మరునాడు బస్సు తప్పిపోయింది. కంపెనీ మనిషి తన కారెక్కమన్నాడు. ఎక్కాను. బజారు మలుపులో జీపులు అడ్డం వచ్చి కారు ఆగింది. పక్కనే జెరాక్సు కొట్టు. వరసలో అత్త నిలబడి ఉంది. మామ కళ్ళద్దాలు పెట్టుకుని, ఫిర్యాదు కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ, తనకు రాని ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టి చూసుకుంటోంది. తలెత్తి కారుని చూసింది, లోపల నన్ను చూసింది. చలిగా ఉందని డ్రైవరుతో అన్నాను. అద్దం పైకెక్కించాను.