నంజమ్మ గుండె బెల్టు

2007లో నేను కుప్పంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. గుండె బలహీనపడినవాళ్లను ఇంటి దగ్గరే కనిపెట్టుకునే ప్రాజెక్టు ఒకటి మాకు వచ్చింది. ఛాతీకి సెన్సర్ ఉన్న బెల్టు కడితే, అది గుండె వేగాన్ని సెల్‌ఫోన్ ద్వారా మా కంప్యూటర్‌కు పంపేది. మెషీన్ లెర్నింగ్ అనేవారు. అంటే ఆ ప్రోగ్రామ్ రోజూ గమనిస్తూ, ఆ మనిషికి ఏది మామూలో నేర్చుకుంటూ ఉంటుంది. వేగం అంతకన్నా పెరిగితే అలర్ట్ ఇస్తుంది. అప్పుడు బస్సెక్కి వెళ్లాల్సింది నేను.

గుడుపల్లె దగ్గర నంజమ్మ అని, పట్టుపురుగులు పెంచే ఇంటి పెద్దావిడ. ఆమెకు వచ్చినన్ని అలర్టులు ఇంకెవరికీ రాలేదు. నేను ఆయాసపడుతూ వెళ్తే, ఆమె తోటలో మల్బరీ ఆకు కోస్తూ ఉండేది.

"నాకేం కాలా సిస్టరమ్మా, యాల పరిగెత్తుకోనొస్తావు?" అనేది.

ఉన్నట్టుండి అలర్టులు ఆగిపోయాయి. మందులు పనిచేస్తున్నాయని డాక్టరుగారు సంతోషించారు. నా కాళ్లకూ కాస్త విశ్రాంతి దొరికింది.

బ్యాటరీ మార్చడానికి వెళ్లిన రోజు, నంజమ్మ ఆకు మోపు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బిపోయాయి. మాట్లాడటానికి ఊపిరి చాలడం లేదు. ఒంటి మీద బెల్టు లేదు.

"బెల్టు యాడుండాదమ్మా?" అని అడిగాను.

కోడలు రోజా తల వంచుకుని పైట కొంచెం జరిపింది. బెల్టు ఆమె కట్టుకుని ఉంది.

"దాన్నేమీ అనొద్దు," అంది నంజమ్మ ఆగి ఆగి. "నేనే కట్టుకోమంటి. నువ్వొచ్చినప్పుడల్లా నా కొడుకు నన్ను ఇల్లు కదలనీడు. దీనికి సంటిబిడ్డ ఉండాడు. పురుగులకు ఆకు ఎవురు కోస్తారు?"

నాకు కోపం కూడా రాలేదు. జీపు పిలిపించి ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఒంట్లో నీరు తీసే ఇంజెక్షన్లు పడ్డాక, మెల్లగా తేరుకుంది.

రోజూ రైల్లో బెంగళూరు ఫ్యాక్టరీకి వెళ్లొచ్చే కొడుకు మంచం పక్కన నిలబడి, "నాకొక మాట చెప్పుంటే నేనే కోసుందును కదమ్మా" అన్నాడు.

"నువ్వు సీకట్లో పోయి సీకట్లో వస్తాండావు. ఎప్పుడు సెప్పేదప్పా?"

తర్వాత అతను రాత్రి షిఫ్టుకు మారి, పొద్దున వచ్చి ఆకు కోసి పడుకునేవాడు.

బెల్టు మళ్లీ నంజమ్మకు కడితే కంప్యూటర్ ఎడతెగకుండా అలర్టులు ఇచ్చింది. కోడలి గుండె వేగాన్నే అది నంజమ్మకు మామూలని నేర్చుకుంది. నేర్చుకున్నదంతా చెరిపి, మొదటినుంచి మొదలుపెట్టాం.

ఆ ప్రాజెక్టు కొన్నాళ్లకు ఆగిపోయింది. నేను ఇంకా చాలా ఏళ్లు నర్సుగా చేశాను. ఎవరికి విశ్రాంతి తీసుకోమని చెప్పాల్సి వచ్చినా, ముందు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, రేపటినుంచి ఈ మనిషి పని ఎవరు చేస్తారని అడిగేదాన్ని. చాలాసార్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. జవాబు వచ్చేదాకా నేను లేచేదాన్ని కాదు.