నూట నలభై నాలుగు కొన్న అమ్మాయికి అరవై

ఒక మనిషి తన కళ్లతో చూసినది మీకు చెబుతున్నప్పుడు, ఆ మాట తప్పని నిరూపించగల నేర్పు మీకుంటే ఏం చేస్తారు? ఆ నేర్పు చూపిస్తారా, లేక వెళ్లి ఆమె చూసినదాన్ని మీరూ చూస్తారా?

నేను నేర్పు చూపించాను.

కిందటి ఏడాది జూలై. అనకాపల్లిలో కంప్యూటర్లు అమ్మి, మరమ్మతులు చేసే దుకాణంలో నాకది రెండో ఏడు. కాలేజీలో మూడేళ్లు డిబేట్ జట్టులో ఉన్నవాణ్ణి. ఎదుటివారి వాదనలో బీట ఎక్కడుందో వెతకడం అప్పటికే నాకు అలవాటైపోయింది.

సబ్బవరం నుంచి శిరీష అనే డిగ్రీ విద్యార్థిని, వాళ్లమ్మగారు వచ్చి గేమింగ్ కంప్యూటర్ తీసుకున్నారు. కాలేజీ గేమింగ్ జట్టు ఐదుగురిలో శిరీష ఒకరు. ఆగస్టులో విశాఖపట్నంలో అంతర కళాశాలల పోటీ ఉంది.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. సీపీయూ ఉండే క్యాబినెట్‌ను మా బల్ల మీది పాత మానిటర్‌కు తగిలించి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి పరీక్షిస్తాం. కొత్త మానిటర్ పెట్టె సీలు మాత్రం తీయం. కొన్నవారు తీయనివ్వరు. ఆ రోజూ అంతే.

"సీలు ఇప్పకు బాబూ. ఇంటికాడ బొట్టెట్టి నానే ఇప్పుతాను" అన్నారు వాళ్లమ్మగారు.

రెండు వారాల తర్వాత శిరీష ఆటోలో క్యాబినెట్ ఒక్కటే తెచ్చింది.

"అన్నా, ఏటో తేడాగా ఉంది. గేమ్‌లో గబుక్కున పక్కకి తిరిగితే బొమ్మ జారట్లేదు, గెంతుతాంది. మా ఫ్రెండుదీ ఇదే మానిటర్. దాన్లో నున్నగా పోతాది."

ఇక్కడ రెండు అంకెలున్నాయి. కంప్యూటర్ సెకనుకు ఎన్ని బొమ్మలు తయారుచేస్తుందో చెప్పేది ఫ్రేమ్ రేట్. మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు తెరను కొత్తగా గీస్తుందో చెప్పేది రిఫ్రెష్ రేట్. దాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. వంటింట్లో ఎన్ని దోసెలు వేసినా, వడ్డించేవారు తెచ్చినన్నే విస్తట్లోకి వస్తాయి. శిరీష కొన్నది నూట నలభై నాలుగు హెర్ట్జ్ మానిటర్.

బల్ల మీది మానిటర్‌కు తగిలించి గేమ్ తెరిచాను. మూలన ఫ్రేమ్ రేట్ నూట యాభై చూపిస్తోంది.

"చూడండి, మిషన్‌లో ఏ లోపమూ లేదు."

"ఇక్కడా అలాగే గెంతుతాంది కదన్నా."

ఆ మాట విని ఆలోచించవలసింది. నేను దాన్ని అందిపుచ్చుకున్నాను. "ఇంట్లో ఒక మానిటర్, ఇక్కడ ఇంకొకటి. రెండింటి మీదా ఒకటే ఫిర్యాదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? మీరే. చేతి వేగం పెంచుకోండి, సరిపోతుంది."

పక్కనే ప్రింటర్ విప్పుతున్న రాజు, నన్ను బావా అని పిలిచే తోటి మెకానిక్, నవ్వాడు. "అయిపోయింది పాపా. మా బావ తీర్పు సెప్పేసేడు. ఇంక అప్పీలు లేదు."

శిరీష కూడా నవ్వి, ఒకసారి తన వేళ్ల వంక చూసుకుంది. "అంతేనేమోలే అన్నా" అని క్యాబినెట్ ఎత్తుకుంది. వాదన నెగ్గానన్న సంతోషంతో ఆ రోజు టీ తాగాను. అది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సెప్టెంబర్‌లో యూపీఎస్ బ్యాటరీ మార్చడానికి వాళ్లింటికి వెళ్లాను. మానిటర్ అంచు మీద కుంకుమ బొట్టు ఇంకా ఉంది. పని అయ్యాక మౌస్ కదిపాను. బాణం గుర్తు తెర మీద గెంతుతూ పోయింది. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచాను. రిఫ్రెష్ రేట్ పక్కన అరవై అని ఉంది.

మా బల్ల మీది పాత మానిటర్‌దీ అరవయ్యే. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నది ఆ అంకె, శిరీష కాదు. ఎక్కువ అంకె ఉన్న మానిటర్ తగిలించినా, ఎవరూ మార్చకపోతే కంప్యూటర్ చాలాసార్లు అరవై దగ్గరే ఉండిపోతుంది. సీలు తీయని మానిటర్‌కు మేమెవరమూ సెట్టింగ్ మార్చలేదు, ఇంటికి వెళ్లాక మార్చుకోమని చెప్పనూ లేదు. నూట నలభై నాలుగును ఎంచుకోవడానికి రెండు క్లిక్కులు పట్టింది.

"పోటీ ఏమైంది?" అని అడిగాను.

"నేను వెళ్లలేదన్నా. నా చేతులు స్లో అని నేనే చెప్పి, నా ప్లేసు వేరే అమ్మాయికి ఇచ్చేసేను."

తప్పు నాదని, ఆమె మొదటి రోజు చెప్పిందే నిజమని చెప్పాను. ఆమె కూర్చుని గేమ్ తెరిచింది. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది, మళ్లీ ఎడమకు.

"జారుతాంది" అంది. "అయితే నా చేతులు బానే ఉన్నాయన్నమాట."

గుమ్మంలో నిలబడిన వాళ్లమ్మగారు నా వైపు చూశారు. "నువ్వు బాగా మాటాడతావు బాబూ. ఆ రోజు కొంచెం తక్కువ మాటాడుంటే బాగున్ను."

నేను ఆ రోజు చూపించిన అంకె అబద్ధం కాదు. అయినా ఒక మనిషికి తన కళ్ల మీద, చేతుల మీద ఉన్న నమ్మకాన్ని ఆ అంకెతోనే తీసేశాను. ఇప్పుడు మానిటర్ ఎవరింట్లో తెరిస్తే అక్కడికి నేనే వెళ్లి రిఫ్రెష్ రేట్ చూసి వస్తున్నాను. శిరీష పోటీ మాత్రం తిరిగి రాదు.

మీకొక విన్నపం. ఈ రోజే మీ కంప్యూటర్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి, రిఫ్రెష్ రేట్ పక్కనున్న అంకెను మానిటర్ పెట్టె మీది అంకెతో పోల్చండి. కలవకపోతే మార్చండి. నాలాంటివాడెవడైనా లోపం మీ చేతుల్లోనే ఉందని చెప్పి ఉంటే, ఆ అంకె చూసేదాకా నమ్మకండి. మీ స్థానాన్ని ఎవరికీ ఇచ్చేయకండి.