గోడ మీద దెబోరా పేరు

మా ప్రేమ్ సాగర్‌కు పొద్దున కాఫీ లేకపోయినా ఫరవాలేదు, అనుమానించడానికి ఒక మనిషి కావాలి. నంద్యాలలో మేం పనిచేసే విత్తనాల కంపెనీలో కంప్యూటర్లన్నీ అతని చేతి కిందే. సర్వర్‌లోకి ఎవరు లాగిన్ అయ్యారో, ఎవరు కాలేకపోయారో ఆ సర్వరే లాగ్‌లో రాసిపెడుతుంది. వచ్చీ రాగానే దాన్ని చదువుతాడు. విఫలమైన లాగిన్లను పేర్లతో సహా అచ్చు తీసి నోటీసు బోర్డుకు అంటిస్తాడు. ఓసారి నేను పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే, "సుకన్యా, పొద్దున పాస్‌వర్డు ఎవురికి చెప్పినావు?" అని నిలదీశాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఊరికే అలా తయారు కాలేదులెండి. ఇంతకు ముందు పనిచేసిన చోట రైతుల ఫోన్ నంబర్లు బయటికి పోతే, నింద ఇతని మీద పడింది. ఆర్నెల్లు పాణ్యంలో అత్తగారింట్లో తలొంచుకుని కూర్చున్నాడు. అందుకే ఇక్కడ చేరిన రోజే అందరికీ గట్టిగా చెప్పాడు: "పాస్‌వర్డు కంప్యూటర్లో దాచి పెట్టొద్దండి. ఎప్పటికప్పుడు కొట్టుకోండి."

ఓ నెలాఖరున బోర్డు మీద కాగితమంతా ఒకటే పేరు. దెబోరా. ఆళ్లగడ్డ గోదాములో రైతుల వివరాలు ఎక్కించే అమ్మాయి. నెలలో రెండొందల పన్నెండు విఫలమైన లాగిన్లు!

"ఆ పాప పాస్‌వర్డు ఎవురికో చెప్పింది. వాళ్లెవురో కొడ్తాండారు" అని తేల్చేశాడు ప్రేమ్ సాగర్. యజమాని లక్ష్మీనారాయణ గారు సోమవారం నుంచి ఆమెను రావద్దని చెప్పమన్నారు. ఆ ఇంట్లో జీతమనేది ఆమెదొక్కటే. నాకు మనసొప్పలేదు. "మొహమన్నా చూడకుండా తీసేస్తావా, నువ్వు మనిషివేనా?" అని గొడవపడి, శనివారం అతన్ని ఆళ్లగడ్డ బస్సెక్కించాను.

మమ్మల్ని చూడగానే దెబోరా లేచి నిలబడింది. బోర్డు సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

"పాస్‌వర్డు ఎవురికిచ్చినావు?" అన్నాడు ప్రేమ్ సాగర్, ఇంకా కూర్చోకుండానే.

"ఎవురికీ ఇయ్యలేదన్నా."

"మరి దినానికి ఎనిమిది తూర్లు తప్పు కొడ్తాండేది ఎవురు? దెయ్యమా?"

"ఏమోన్నా. నేనైతే కాదు."

అతను లాప్‌టాప్‌లో లాగ్ తెరిచి, "నా కండ్ల ముందర లాగిన్ గా, చూస్తా" అన్నాడు. ఆమె ప్రోగ్రామ్ తెరిచింది. పాస్‌వర్డ్ అడిగే గడి వచ్చింది. అంతలోనే ఇక్కడ లాగ్‌లో కొత్త వరుస: దెబోరా, లాగిన్ విఫలం.

"చూసినావా! మళ్లా తప్పు కొట్టినావు."

"ఇంగా కొట్టనే లేదు కదన్నా" అంది. ఆమె చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

ప్రేమ్ సాగర్ ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవమన్నాడు. నాలుగుసార్లు చేయించి చూశాక అర్థమైంది. ఆ ప్రోగ్రామ్ ముందు పేరొక్కటే పట్టుకుని, పాస్‌వర్డ్ లేకుండానే వెళ్లి సర్వర్ తలుపు తడుతుంది. సర్వర్ పాస్‌వర్డ్ అడగగానే వెనక్కి వచ్చి, మనిషిని అడిగి తీసుకుని, మళ్లీ వెళ్తుంది. మొదటిసారి వెళ్లి రావడాన్ని కూడా సర్వర్ విఫలమని రాసేస్తోంది.

"మరి నీ పేరు మీద ఎందుకు రాదు సుకన్యా?" అన్నాడు నా వైపు తిరిగి.

ఏం చెప్పను? నువ్వు నిలదీసిన రోజు నుంచీ పాస్‌వర్డ్ కంప్యూటర్లోనే దాచుకున్నానని, ఆఫీసంతా అదే చేస్తోందని ఒప్పుకున్నాను. అడగకముందే ప్రోగ్రామ్ ఇచ్చేస్తుంది కాబట్టి మా పేర్లు రావు. ప్రేమ్ సాగర్ మాట విన్నది ఆ అమ్మాయి ఒక్కతే. సిగ్గుతో చచ్చిపోయాను.

దెబోరా ఉద్యోగం నిలిచింది. సోమవారం బోర్డు మీది కాగితాన్ని ప్రేమ్ సాగర్ తనే చింపాడు. తప్పు పాస్‌వర్డ్ ఇస్తేనే రాయాలి, ఇవ్వకుండా వెనక్కి పోతే రాయకూడదని సర్వర్‌ను సరిచేశాడు. ఆమెకు ఫోన్ చేసి తప్పు నాదేనన్నాడు.

మర్నాడు తొమ్మిదికి అతని ఫోన్ మోగింది.

"అన్నా, దెబోరాను. లోపలికి పోతాండా, రాసుకో."

పదిన్నరకు మళ్లీ. "ఇంగ చెప్పే పన్లేదు తల్లీ, సర్వర్ బాగు చేసినా" అని బతిమాలాడు.

"వద్దులేన్నా. మళ్లా నా పేరే గోడకెక్కితే?" అంది.

నెల దాటింది. లాగ్‌లో విఫలమైన లాగిన్లు రోజుకు రెండు మూడు కూడా ఉండటం లేదు. ఫోన్ మాత్రం ఎనిమిదిసార్లు మోగుతుంది. ప్రతిసారీ ప్రేమ్ సాగర్ లేచి నిలబడి ఎత్తుతాడు.