డాక్టర్ గారికి జీడిపప్పు పాకం

మొన్న మా డాక్టర్ గారి పంటి క్యాప్ ఊడగొట్టి వచ్చాను. చెయ్యి కూడా వెయ్యకుండా! నవ్వకండర్రా, ముందు టీ తాగండి, చెప్తాను.

మీకు తెలుసుగా, గుంటూరులో నాలుగేళ్లు డెంటిస్ట్‌గా ప్రాక్టీస్ చేశాను. ఈ దేశం వచ్చాక, ఇక్కడ మోరిస్‌విల్‌లో ఆ డిగ్రీని ఎవరూ అడగరు, మళ్లీ డెంటల్ స్కూల్లో చేరాల్సిందే. అప్లై చెయ్యాలంటే ముందు ఎవరో ఒక డెంటిస్ట్ పక్కన నిలబడి ఆయన పని చూస్తూ షాడోయింగ్ చెయ్యాలి, ఆయన చేత రికమెండేషన్ రాయించుకోవాలి. ఎన్ని క్లినిక్‌లకి ఫోన్ చేశానో! అందరూ 'సారీ' అన్నవాళ్లే. చివరికి డాక్టర్ మార్క్ అనే పెద్దాయన ఒప్పుకున్నాడు. "మూల నిలబడి చూడు, ఏదీ ముట్టుకోకు" అన్నాడు. ఈయన కూడా కాదంటే ఈ ఏడాది నా అప్లికేషన్ గోవిందా.

అంత మంచి మనిషి దగ్గరికి మొదటి రోజు చేతులూపుకుంటూ ఎలా వెళ్తాం? ఇంట్లోనే బెల్లంతో జీడిపప్పు పాకం చేశాను. పాకం కాస్త ముదిరింది, పర్లేదులే అనుకున్నా. క్లినిక్‌లో ఎవరికైనా నట్ అలర్జీ ఉందేమోనని ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను. పళ్ల సంగతి అడగాలని మాత్రం తట్టలేదు. డెంటిస్ట్‌ని కదా!

డాక్టర్ ఒక పేషెంట్‌కి మత్తింజక్షన్ ఇచ్చి, అది ఎక్కేలోపు బ్రేక్‌రూమ్‌కి వచ్చాడు. డబ్బా మూత తీసి "ప్లీజ్, హోమ్‌మేడ్" అన్నాను. మొహమాటానికి ఓ ముక్క కొరికాడు. కటుక్కుమంది.

"వావ్, క్రంచీ!" అన్నాడు.

కాసేపటికి నమలడం ఆపేశాడు. టిష్యూలోకి ఉమ్మి చూశాడు. బెల్లంలో జీడిపప్పు, దాని పక్కనే తెల్లగా ముందుపంటి క్యాప్.

"ఇది నట్ కాదు" అన్నాడు, సందులోంచి గాలి పోతుంటే.

భూమి చీలితే అందులోకి వెళ్లిపోదామనిపించింది. అతికించడం ఎంత పని? గుంటూరులో ఎన్ని అతికించలేదు! "నేను పెట్టనా?" అన్నాను. "నీకు ఇక్కడ లైసెన్స్ లేదు" అంటూ అసిస్టెంట్ లిండా నన్ను మళ్లీ మూలకి పంపించి, పక్క ప్లాజాలో కొత్తగా క్లినిక్ పెట్టిన కుర్ర డెంటిస్ట్‌కి ఫోన్ చేసింది. మా డాక్టర్‌కీ అతనికీ పెద్దగా మాటల్లేవట. అయినా ఫోన్ పెట్టేసేలోపు వచ్చేశాడు. అంత ఖాళీగా ఉన్నాడు పాపం.

మా డాక్టర్ కుర్చీలో, ఆ కుర్చీలోంచి లేపేసిన పేషెంట్ సగం మూతి మొద్దుబారి బయట, నేను మూల. డాక్టర్ నోరు తెరుచుకునే నావైపు వేలు చూపించి ఏదో అన్నాడు. వెళ్లిపొమ్మంటున్నాడనుకుని బ్యాగ్ తీసుకున్నా. కళ్లల్లో నీళ్లు తిరిగాయర్రా!

"ఎక్కడికి? దగ్గరికొచ్చి చూడమంటున్నాడు. ఇదీ షాడోయింగే" అంది లిండా.

చూశాను. బాగానే అతికించాడు. డాక్టర్ అద్దంలో చూసుకుని, "సోమవారం రా. తినేవేవీ తేకు" అన్నాడు. హమ్మయ్య!

బయటికొస్తే పార్కింగ్‌లో ఆ కుర్ర డెంటిస్ట్ నా కోసమే నిలబడి ఉన్నాడు.

"ఆ స్వీట్ ఇంకా ఉందా?"

"ఉంది. తింటారా?"

"నేనా? వద్దు వద్దు! మా వెయిటింగ్ రూమ్‌లో పెడతాను."

డబ్బాతో సహా ఇచ్చేశాను. నాకింకా వర్క్ పర్మిట్ రాలేదు గానీ, నా జీడిపప్పు పాకానికి అప్పుడే ఉద్యోగం దొరికేసింది.